కెమెరా కొనే ముందు ఊరి పేరు చెప్పు



పోయిన నెల కరెంటు మీటరు ఎట్ల చదవాలెనో రాసిన. ఈ నెల కెమెరా ముచ్చట. గిరణి పని చేసినోనికి కెమెరాతోని ఏం పని అని నవ్వకుండ్రి. ఈ ఆరు నెలల్లో మన వాడల ముగ్గురు నన్ను ఆపి ఇదే అడిగిండ్రు. "తాతా, ఊర్లు తిరగ పోతున్నం. చిన్నగ ఉండాలె, లెన్సులు మార్చేది కావాలె. మిర్రర్‌లెస్ అంటరట. ఏది కొనాలె?" ఒకరికి భిశీ లేచింది, ఒకరికి కొడుకు బోనస్ వచ్చింది, ఒకరు లోన్ తీసుకుందమని చూస్తున్నరు. ఇవన్నీ చెమట పైసలు. అందుకే తెలిసినంత మట్టుకు రాస్తున్న.

నా చదువు నాలుగో తరగతి. గిరణిల ముప్పై ఒక్క ఏండ్లు చేసిన. అందులో ఆఖరు పద్నాలుగేండ్లు బట్ట చెకింగ్ ఖాతాలో. దీపం ముందర బట్ట గుంజుకుంట, పోగు తెగిన కాడ సుద్దముక్కతోని గీత పెట్టుడు నా పని. అంటే చూసుడే నా కొలువు. కెమెరా లెక్కలు మాత్రం మా తమ్ముని బిడ్డ చదివి చెప్తే తెలుసుకున్న. ఆ పిల్ల బి.కాం. చేసి టవల్ కారఖానాల లెక్కలు రాస్తది. ఇద్దరం కలిసి దుకాణాలు తిరిగినం, చేతిల పట్టుకొని చూసినం.

తిరిగినంక నాకు తెలిసింది ఇది. ముందు ఏ ఊరికి పోతున్నమో, ఆడ ఏం తియ్యాలెనో అనుకోవాలె. దాన్ని బట్టి లెన్స్. లెన్స్‌ను బట్టి కెమెరా. దుకాణపోళ్ళు దీన్ని తిరగేసి చెప్తరు. ముందు కెమెరా డబ్బా చూపిస్తరు, లెన్స్ సంగతి తర్వాత చూద్దురుగని అంటరు. ఆ "తర్వాత"లనే సగం పైసలు పోతయి.

మా ఇంటి సంగతి చెప్తే మీకు తొందరగ అర్థమైతది. మా అవ్వకు ఎనభై నాలుగేండ్లు. పదిహేనేండ్లకు పెండ్లయి సిరిసిల్ల కాడి పల్లె నుంచి సోలాపూర్‌కు వచ్చింది. మీ ఇండ్లల్ల కూడ గిట్లాంటి అవ్వలే ఉన్నరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం పని కోసం వచ్చినోళ్ళమే మనమంత. అవ్వ వచ్చి బీడీలు చుట్టింది, పిల్లలను పెంచింది, నడుమ రెండు మూడు సార్లే ఊరికి పోయింది. ఇప్పుడు దసరా ముందర ఒక్కసారి చూసి రావాలె అంటున్నది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకో కన్ను మసక. మోకాళ్ళు పట్టేసినయి. బస్సు దిగి ఆటోల ఊరి దాక పోతది కాని, సందుల్ల నడిచి పుట్టిన ఇంటి దాక పోలేదు.

"ఇల్లు పడిపోయి ఉంటది బిడ్డా. దాని ఎనుక చేదబావి, బావి పక్కన చింతచెట్టు. అవి ఉన్నయో లేవో చూస్తే చాలు" అన్నది. అప్పుడు మా తమ్ముని బిడ్డ, "బాపమ్మా, నువ్వు ఆటోలనే కూసో. నేను పోయి తీసుకొస్త, నీకు చూపిస్త" అన్నది. అవ్వ పోలేని కాడికి కెమెరా పోవాలె. మాకు కావాల్సిన కెమెరా ఇది.

మొదటి ప్రశ్న: ఫోన్ చాలదా? చానా మందికి చాలు. పగటి ఎండల గుడి గోపురం, పిల్లల నవ్వు, రైలు కిటికీ, ఇవి ఇప్పటి ఫోన్‌ల మంచిగనే వస్తయి. మీరు ఫోటోలు ఫోన్‌లనే చూసుకొని ఫోన్‌లనే పంపుకునేటట్టయితే ఈ పైసలు వేరే పనికి పెట్టుకోండ్రి. ఫోన్ నాలుగు చోట్ల ఓడిపోతది. దూరం ఉన్నదాన్ని దగ్గరికి గుంజేటప్పుడు. చీకటి ఇంట్ల దీపం వెలుతురుకు తీసేటప్పుడు. ఉరికేదాన్ని, ఆడేదాన్ని తీసేటప్పుడు. గోడకు పెట్టేటంత పెద్ద కాగితం మీద అచ్చు తీసేటప్పుడు. మా అవ్వకు ఫోన్ తెర మీద బొమ్మ ఆనదు. చేతిల పట్టుకునేటంత పెద్ద ఫోటో కావాలె, చీకటి ఇంటి లోపలివి కూడ కావాలె. అందుకే మాకు కెమెరా అవసరం పడ్డది.

ఇగ మిర్రర్‌లెస్ అంటే ఏంది? 1983ల నా పెండ్లి ఫోటోలు అగ్ఫా క్లిక్ 3 కెమెరాతోని తీసిండ్రు. రోలుకు 12 ఫోటోలు, రెండు రోళ్ళు, మొత్తం 24. తర్వాత స్టూడియోలోళ్ళ మెడల పెద్ద కెమెరాలు వచ్చినయి. వాటి లోపల ఒక అద్దం ఏటవాలుగ ఉంటది. లెన్స్ నుంచి వచ్చిన బొమ్మను అది పైకి పంపితే మనం కంటితోని చూస్తం. మీట నొక్కంగనే అద్దం టక్కున పైకి లేస్తది, బొమ్మ ఎనుక పడుతది. ఆ అద్దానికి, దాని మీది గాజు ముక్కకు జాగ కావాలె గనుక కెమెరా లావుగ ఉండేది. 2008ల పానాసోనిక్ కంపెనీ జీ1 అని, అద్దమే లేకుండ లెన్సులు మార్చే డిజిటల్ కెమెరా తెచ్చింది. బొమ్మ నేరుగ లోపలి సెన్సార్ మీద పడుతది, అదే చిన్న తెర మీద కనపడుతది. అద్దం పోయింది, దాంతోని బరువు, లావు తగ్గినయి. ఇప్పుడు సోనీ, కానన్, నికాన్, ఫుజిఫిల్మ్ అన్ని కంపెనీలు ఇవే చేస్తున్నయి.

సెన్సార్ అంటే బొమ్మ పడే పలక. ఇది ఎక్కువగ మూడు సైజుల్ల దొరుకుతది. పెద్దది ఫుల్ ఫ్రేమ్, 36 మి.మీ. పొడుగు, 24 మి.మీ. వెడల్పు. నడిమిది ఏపీఎస్-సి, సుమారు 23.5 కి 15.6. చిన్నది మైక్రో ఫోర్ థర్డ్స్, 17.3 కి 13. పలక పెద్దదైతే చీకట్ల బొమ్మ శుభ్రంగ వస్తది, నిజమే. కాని పలక పెద్దదైతే లెన్స్ కూడ పెద్దది కావాలె. ఫుల్ ఫ్రేమ్‌కు మంచి 24-70 జూమ్, 2.8 ది, ఒక్క లెన్సే 700 నుంచి 900 గ్రాములు తూగుతది. నడిమి పలకకు కెమెరాతో వచ్చే చిన్న జూమ్ 116 నుంచి 135 గ్రాములే. తిరుగుడుకు పోయేటోడు ఆ బరువును పొద్దంత మెడల మోయాలె. రెండో రోజు మెడ గుంజితే కెమెరా సంచిల పోతది, ఫోన్ చేతికి వస్తది. అప్పుడు లక్ష పెట్టి కొన్నది సంచిల పండుకుంటది. ప్రయాణానికి నడిమి పలక, లేకుంటే చిన్న పలక సరిపోతది.

మెగాపిక్సెల్ అని ఇంకోటి ఊదరగొడతరు. అది బట్టల పోగుల లెక్క వంటిది. ఇంచుకు ఎన్ని పోగులు అన్నట్టు, బొమ్మల ఎన్ని చుక్కలు అని. 24 మెగాపిక్సెల్ అంటే పొడుగున 6000 చుక్కలు, అడ్డం 4000 చుక్కలు. మంచి అచ్చుకు ఇంచుకు 300 చుక్కలు కావాలె. అంటే 6000ను 300తో భాగిస్తే 20 ఇంచులు, 4000ను భాగిస్తే 13 ఇంచులు. గోడకు పెట్టే 12కు 18 ఫోటోకు ఇది సరిపోను ఉన్నది. ఇంకా పెద్ద నంబరు కోసం పైసలు పెట్టుడు ఎందుకు?

లెన్స్ మీద రెండు తీర్ల నంబర్లు ఉంటయి. మొదటిది మి.మీ. లెక్క. ఇది చిన్నగుంటే ఎక్కువ జాగ పడుతది, పెద్దగుంటే దూరంది దగ్గరికి వస్తది. నడిమి పలక కెమెరాల మీద 16 అంటే గది మొత్తం పడుతది. 35 అంటే దాదాపు మన కన్ను చూసినంత. 50 అంటే మనిషి మొఖం, భుజాల దాక. 200 అంటే గోపురం మీది బొమ్మ దగ్గరికి వస్తది.

రెండోది ఎఫ్ నంబరు. ఇది నేర్చుకునుడు చదువుకున్నోళ్ళకు కష్టమేమో గని మన నేతోళ్ళకు సులువు. నూలుకు నంబరు ఎట్ల? 20 నంబరు నూలు దొడ్డుది, 80 నంబరు సన్నది. నంబరు పెరిగిన కొద్ది పోగు సన్నగైతది. ఎఫ్ నంబరు కూడ గట్లనే. 1.8 అంటే పెద్ద రంధ్రం, మస్తు వెలుతురు వస్తది. 5.6 అంటే చిన్న రంధ్రం. 16 అంటే ఇంకా చిన్నది. 5.6 కాడ వచ్చే వెలుతురు కంటె 1.8 కాడ దాదాపు పది రెట్లు వస్తది. కెమెరాతోని డబ్బాల వచ్చే జూమ్ లెన్సులు మొదలు 3.5 కాడనో 4.5 కాడనో ఉండి, జూమ్ గుంజినంక 5.6 కో 6.3 కో పోతయి. అవి ఎండల మంచివి. ఇంట్ల, రాత్రి గుడ్డివి అయితయి. జూమ్ లేని ఒకే మి.మీ. లెన్సులు 1.8 వి చిన్నగ, తేలికగ దొరుకుతయి.

ఇగ ఊర్ల లెక్క. మన దిక్కు పోయే చోట్లనే తీసుకుందం.

విజాపూర్ గోల్ గుంబజ్‌కు పోతే వెడల్పు లెన్స్ కావాలె. 1656ల కట్టిన ఆ గుమ్మటం బయటి కొలత 44 మీటర్ల అడ్డం. లోపల నిలబడి పైకి చూస్తే 50 లెన్స్‌ల ఒక ముక్క పడుతది, 16 అయితే గుండ్రం ఆకారం తెలుస్తది.

నాన్నజ్ అభయారణ్యంల జింకలను, పక్షులను తియ్యాలంటే 200 కూడ చాలదు. 400, ఆ పైన కావాలె. అవి బరువు, ధర ఎక్కువ. ఏడాదికి ఒక్కనాడు పోయేటట్టయితే ఆ లెన్స్ కొనకుండ్రి. పోయినోళ్ళ దగ్గర అడుగుండ్రి, లేకుంటే దుర్బీను పెట్టి కండ్లతోని చూసి రండ్రి.

రాఖీ పున్నం నాడు మన మార్కండేయ స్వామి రథం చూస్తిరి గద. జనం ఒకరి మీద ఒకరు. ఆడ ఎనుకకు జరిగే జాగ ఉండదు, లెన్స్ మార్చే సందు ఉండదు. చిన్న జూమ్ ఒక్కటి పెట్టుకొని పోవాలె. రాత్రి బతుకమ్మ ఆడేటప్పుడు జూమ్ పక్కకు పెట్టి 35, 1.8 పెట్టుకోవాలె. చీరెల రంగులు, పూల రంగులు ఫ్లాష్ లేకుండనే వస్తయి. ఫ్లాష్ కొడితే మొఖాలు సున్నం పూసినట్టు అయితయి.

తిరుపతి, శ్రీశైలం, వేములవాడ, కాశీ అన్ని తిరిగే యాత్ర బస్సులకు పోయేటోళ్ళకు, లెన్స్ మార్చుడు నా తోని కాదు అనేటోళ్ళకు, ఒక్క పొడుగు జూమ్ చాలు. సోనీల 18-135, నికాన్‌ల 18-140, కానన్‌ల 18-150 ఉన్నయి. అన్ని మూడు వందల గ్రాములకు కొంచెం పైన. కాని తిరుమల గుడి లోపలికి కెమెరా పోనియ్యరు, ఫోన్ కూడ పోనియ్యరు. కాశీ విశ్వనాథుని గుడిల కూడ అంతే. లోపలి దేవుని కోసం కెమెరా కొనేటోళ్ళు ఇది మనసుల పెట్టుకోవాలె.

లెన్స్ అనుకున్నంక కెమెరా. ఒక సాంచెకు చేసిన నాడె ఇంకో తీరు సాంచెకు నడువదు. లెన్సులు కూడ గట్లనే. సోనీ లెన్స్ కానన్‌కు ఎక్కదు, నికాన్‌ది ఫుజికి ఎక్కదు. మూతి కొలత వేరు. దీన్ని మౌంట్ అంటరు. ఇయ్యాల కొన్న కెమెరా పదేండ్లకు పాతదైతది, లెన్స్ మాత్రం అదే మౌంట్ ఉన్న కొత్త కెమెరాకు ఎక్కుతది. అందుకే కొనే ముందు ఆ మౌంట్‌కు చిన్నవి, చవక లెన్సులు ఏమున్నయో అడగాలె. మీ తెలిసినోళ్ళ దగ్గర ఏ మౌంట్ ఉన్నదో కూడ చూసుకోండ్రి. ఒకరి లెన్స్ ఒకరు అడుక్కోవచ్చు.

కెమెరాల చూసుకోవాల్సినయి నాలుగు. ఒకటి, కన్ను పెట్టి చూసే కిటికీ, వ్యూఫైండర్. మన సోలాపూర్ ఎండల పన్నెండు గంటలకు ఎనుక తెర మీద ఏం కనపడదు. సోనీ జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్30 వంటివి వీడియో కోసం చేసినయి, వాటికి ఈ కిటికీ లేదు. సోనీ 6000, 6400, నికాన్ జడ్50, కానన్ ఆర్50, ఆర్100 లకు ఉన్నది. రెండు, తెర వంగుతదా, వేలితోని ముట్టితే పని చేస్తదా. ఆర్100 తెర వంగదు, ముట్టితే పని చెయ్యదు. కొందరికి అది అక్కర లేదు, కాని తెలిసి కొనాలె. మూడు, బ్యాటరీ. ఈ చిన్న కెమెరాలకు ఒక బ్యాటరీకి మూడు నాలుగు వందల ఫోటోలు అనుకోండ్రి. రెండోది కొనాల్సిందే. విమానంల పోతే అదనపు బ్యాటరీ చేతి సంచిల పెట్టుకోవాలె, లగేజీల ఇయ్యద్దు. నాలుగు, చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు. ఇది కొన్ని కెమెరాల్ల లోపల ఉంటది, చానా వాటికి లెన్స్‌ల ఉంటది. ఇది మన చెయ్యి వణుకునే ఆపుతది. ఎదుట మనిషి కదిలితే దీంతోని ఏం కాదు.

కొనుడు సంగతి. బిల్లు లేకుండ తీసుకుంటే జీఎస్టీ మిగులుతది అంటరు. వద్దు. బిల్లు లేకుంటే వారంటీ లేదు. బయటి దేశం నుంచి తెచ్చిన మాలు చవక పడుతది కాని, ఇండియా వారంటీ కార్డు ఉన్నదా చూడాలె. వడ్డీ లేని ఈఎంఐ అన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వడ్డీ మీది జీఎస్టీ ఎవరు కడతరు అని అడగండ్రి. నెలకు ఎంత అన్నది కాదు, ఆఖరుకు మొత్తం ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండ్రి.

పాతది కొనుడు తప్పు కాదు, చూసి కొనాలె. లెన్స్‌ను ఎత్తి టార్చ్ వెలుతురుల చూడండ్రి. సాలెగూడు లెక్క తెల్లటి దారాలు కనపడితే అది బూజు, తీసుకోవద్దు. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఫోటో తీసి పెద్దగ చేసి చూస్తే సెన్సార్ మీది దుమ్ము నల్ల మచ్చల లెక్క కనపడుతది. మోటారుతోని తెరుచుకునే జూమ్ అయితే పదిసార్లు తెరిచి మూసి చప్పుడు వినండ్రి. బట్ట చెకింగ్ లెక్కనే, తొందర పడితే గీత తప్పుతది.

ఇగ మా ఇంట్ల ఏమైందంటే. భిశీ మా మరదలిది. ఇరవై మంది, నెలకు మూడు వేలు, చేతికి అరవై వేలు. బీడీలు చుట్టి కట్టిన పైసలు. మా తమ్మునికి నాలుగు సాంచెలు ఉన్నయి, అందులో ఒకదాని మోటారు కాలి రెండు నెలలుగ ఆగి ఉన్నది. "అన్నా, సాంచె పండుకున్నది, పిల్లకు కెమెరానా? నువ్వన్నా చెప్పు" అన్నడు. పిల్ల ఒక దుకాణంల కొత్తది చూసి వచ్చింది, లెన్స్‌తోని కలిపి భిశీ మొత్తం ఊడ్చుకపోయేది. మరదలు మాత్రం, "నా చేతి పైసలు. అత్తమ్మకు ఊరు చూపిస్తనంటున్నది. కాని సాంచె కూడ నడవాలె బావా. రెండు అయ్యేటట్టు చూడు" అన్నది.

అప్పుడు పిల్లను కూసోబెట్టి అడిగిన. "బిడ్డా, ఆ ఊర్ల నువ్వు తియ్యాల్సినయి చెప్పు." కాగితం మీద రాసింది. బావి, చింతచెట్టు, ఇంటి గోడలు, ఇరుకు సందు. అవ్వ ఈడు ముసలోళ్ళు ఎవరన్న ఉంటే వాళ్ళ మొఖాలు. ఇంటి లోపల మగ్గం గుంత మిగిలి ఉంటే అది. దూరంది గుంజేది ఒక్కటి లేదు. అంటే వెడల్పుకు చిన్న జూమ్, చీకటి ఇంటికి 35. పొడుగు లెన్స్ అక్కర లేదు, ఫుల్ ఫ్రేమ్ అక్కర లేదు.

"అయితే పెద్దబాపూ, పాత దాంట్ల చూద్దమా?" అని తనే అన్నది. సోనీ 6000 అని 2014ల వచ్చిన కెమెరా. 24 మెగాపిక్సెల్, కిటికీ ఉన్నది. తెర ముట్టితే పని చెయ్యదు, ఆమెకు అది పట్టింపు లేదు. పాతది, 16-50 జూమ్‌తోని 27 వేలకు దొరికింది. 35, 1.8 లెన్స్, అది కూడ పాతదే, 15 వేలు. బ్యాటరీ, చార్జర్, కార్డు 3 వేలు. మొత్తం 45 వేలు. కెమెరా 344 గ్రాములు, జూమ్ 116, 35 లెన్స్ 154. మూడు కలిపి 614 గ్రాములు, ముప్పావు కిలో కూడ లేదు. సంచి మా మరదలు చద్దర్ ముక్కతోని కుట్టింది. మిగిలిన 15 వేలల్ల ఆరున్నర వేలు మోటారు చుట్టియ్యడానికి పోయినయి, సాంచె నడుస్తున్నది. ఎనిమిదిన్నర వేలు ప్రయాణానికి ఉన్నయి. తమ్ముడు ఇప్పుడు రోజు పొద్దుగూకంగ "ఏదీ, సాంచె నడిచేది తియ్యి చూస్త" అంటున్నడు.

సాంచె తీస్తుంటే పిల్ల నేర్చుకున్న మూడు సంగతులు మీకూ పనికొస్తయి. ఒకటి, షెడ్డుల లెన్స్ విప్పొద్దు. గాలిల ఎగిరే దూది నుసి నేరుగ సెన్సార్ మీద కూసుంటది. ఇంట్ల, ఫ్యాన్ బంద్ చేసి, కెమెరా మూతి కిందికి పెట్టి మార్చాలె. రెండు, ట్యూబులైటు, ఎల్ఈడీ దీపాల కింద ఫోటోల నల్లటి అడ్డ పట్టీలు వస్తే షటర్ వేగం 50ల ఒక వంతు, లేకుంటే 100ల ఒక వంతు పెట్టండ్రి. మన కరెంటు 50 సైకిల్ ది, దీపం సెకనుకు వందసార్లు మినుకుతది. చప్పుడు లేని షటర్ అని కొత్త కెమెరాల్ల ఉంటది, దీపాల కింద అది వాడొద్దు. మూడు, నాడె నిలబడినట్టు రావాలంటే వెయ్యిల ఒక వంతు వేగం కావాలె. ముప్పైల ఒక వంతు పెడితే నాడె పోయిన దారి గీత లెక్క వస్తది. మా తమ్మునికి ఆ గీతనే నచ్చింది.

పూర్వం ఫోటో తీసుడు ఎంత బరువు పనో యాదికి చేసుకోండ్రి. ఆరో నిజాం కాడ కొలువు చేసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలు, కట్టె పెట్టెలు మోయించుకొని ఊర్లు తిరిగి కోటలను, దర్బార్లను తీసిండు. మన కాలంల వరంగల్ భరత్ భూషణ్, 2022ల పోయిండు, తెలంగాణ పల్లెల ఇండ్లు, బతుకమ్మలు, ఆడోళ్ళ పని తీసి పెట్టిండు. మన గిరణీల లోపల మనం పని చేసే ఫోటోలు ఎన్ని ఇండ్లల్ల ఉన్నయి? ముప్పై ఒక్క ఏండ్లల్ల నేను బట్ట చూస్తున్న ఫోటో ఒక్కటి లేదు. ఖాతాలకు కెమెరా రానిచ్చేటోళ్ళు కాదు, మనకు కొనే తాహతు లేకుండె. ఇప్పుడు పిల్లల చేతికి వచ్చింది. ఊర్లకు పోయే ముందర ఇంట్ల ఉన్నదాన్ని తియ్యుమని చెప్పండ్రి. బీడీ చాట ముందర అమ్మను, సాంచె కాడ నాయినను.

ఎవరిని తీసినా అడిగి తియ్యాలె. పల్లెల పోయి ముసలోళ్ళ మొఖం మీద కెమెరా పెట్టుడు మర్యాద కాదు. ముందు కూసోని, ఫలానా వాళ్ళ మనుమరాలిని అని చెప్పి, మంచి చెడు మాట్లాడి, తర్వాత తియ్యాలె. వాళ్ళకు ఒక కాపీ పోస్టుల పంపాలె. ఇంటికి రాంగనే ఫోటోలు రెండు చోట్ల దాచుకోవాలె, కార్డుల ఒక్కదాంట్లనే ఉంచొద్దు. అందులకెళ్ళి పది ఏరి అచ్చు తీయించాలె. అచ్చు తియ్యనియి ఫోన్ పోయిన నాడు దాంతోనే పోతయి.

మా అవ్వ ఇప్పటి నుంచే గోడ మీద జాగ చూపిస్తున్నది. క్యాలెండర్ పక్కన, తన మంచం మీద పండుకుంటే మంచి కన్నుకు ఆనేటట్టు. బావి ఉంటే బావి. బావి పూడ్చేసి ఉంటే ఆ జాగ. "ఏది ఉంటే అదే తెమ్మను, దాచిపెట్టకుండ" అని నాతోని చెప్పింది.

దసరాకు పోయే ముందర ఎవరికన్న కెమెరా కొనుడుల అనుమానం ఉంటే, ఆదివారం పొద్దున మా ఇంటికి రండ్రి. వచ్చేటప్పుడు పోయే ఊరి పేరు, తియ్యాల్సినయి ఒక కాగితం మీద రాసుకొని రండ్రి. మా తమ్ముని బిడ్డ కెమెరా చేతికిస్తది, రెండు లెన్సులు పెట్టి చూపిస్తది. వచ్చే నెల రేషన్ కార్డుల పేరు ఎక్కించుడు గురించి రాస్త.